సముద్రం అవతలి చదువు: డాక్టర్ జేమ్స్ మెక్యూన్ స్మిత్ (1813–1865)

మెడికల్ సీటు తెచ్చుకున్న దళిత విద్యార్థికి ఒక ప్రశ్న తప్పదు. ‘డాక్టరయ్యాక ఏం చేస్తావ్?’ అని. చుట్టాలడుగుతారు, పేపర్ల వాళ్ళడుగుతారు, స్కాలర్‌షిప్పులిచ్చే సంస్థలు ఫారంలో దానికొక గడే పెడతాయి. ‘పేదలకి సేవ చేస్తాను’ అని జవాబు చెప్పాలి. అలా చెప్తేనే ఆ పిల్లో పిల్లగాడో ఆ సీటుకి తగినవాళ్ళయినట్టు. తండ్రికి నర్సింగ్ హోం వుండి, డొనేషన్ కట్టి చేరిన అబ్బాయిని మాత్రం ఈ ప్రశ్న ఎవరూ అడగరు. ఆ చదువు అతని హక్కు. మనోళ్ళ చదువు మాత్రం ఎవరో పెట్టిన భిక్ష. భిక్షకి బదులుగా సేవ చెయ్యాలి. ప్రశ్న వెనకున్న ఊహ ఇదీ.

మరి అణగారిన జనంలోంచి ఒక మనిషి నిజంగానే వైద్యం నేర్చుకుని తన జనం దగ్గరికి తిరిగొస్తే, ఆ పనిని ఏమనాలి? ‘సేవ’ అనే మాట దానికి సరిపోతుందా? ఈ ప్రశ్నకి జవాబు వెతకటం కోసం 19వ శతాబ్దపు అమెరికాలో బతికిన ఒక నల్లజాతి వైద్యుడి చరిత్రని మేం ఇక్కడ పరిశీలిస్తున్నాం. అమెరికా నల్లవాళ్ళ చరిత్ర మనకి పరాయిది కాదు. 1873లో జోతిరావు ఫూలే ‘గులాంగిరి’ని అంకితం చేసింది బానిసత్వ నిర్మూలనకి పూనుకున్న అమెరికా ప్రజలకే. 1946లో అంబేద్కర్, డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కి ఉత్తరం రాసి, నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి ఇస్తున్న అర్జీ ప్రతులు కావాలని అడిగాడు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత పాంథర్స్ తన పేరుని ఎక్కణ్ణించి తెచ్చుకుందో అందరికీ తెలిసిందే. ఆ వరసలోనే ఈ చరిత్రని కూడా చదువుకోవాలని మా అభిప్రాయం.

కొలిమి దగ్గర లాటిన్

జేమ్స్ మెక్యూన్ స్మిత్ 1813 ఏప్రిల్ 18న న్యూయార్క్ నగరంలో పుట్టాడు. తండ్రి తెల్లవాడు. తల్లి లవీనియా బానిస. తన విముక్తిని తానే సాధించుకున్న స్త్రీగా ఆమె గురించి ఆయన తర్వాత రాసుకున్నాడు. అమెరికాలో బానిసత్వమంటే దక్షిణాది రాష్ట్రాల వ్యవహారమని మనం పాఠాల్లో చదువుకుంటాం గానీ, ఉత్తరాన వున్న న్యూయార్క్ రాష్ట్రంలో అది పూర్తిగా రద్దయింది 1827 జూలై 4న. అప్పటికి స్మిత్‌కి పద్నాలుగేళ్ళు. అంటే బాల్యమంతా ఆ చట్టం నీడలోనే గడిచింది.

నగరంలో నల్ల పిల్లలకోసం ఆఫ్రికన్ ఫ్రీ స్కూల్ వుండేది. బానిసత్వాన్ని వ్యతిరేకించే తెల్లవాళ్ళ సంఘం ఒకటి దాన్ని 1787లో మొదలుపెట్టింది. ఆ బడిలోంచి వచ్చినవాళ్ళ పేర్లు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. యూరప్ రంగస్థలం మీద షేక్‌స్పియర్ పాత్రలు వేసిన ఇరా ఆల్డ్రిడ్జ్, బానిసల తిరుగుబాటుకి పిలుపునిచ్చిన హెన్రీ హైలాండ్ గార్నెట్, అలెగ్జాండర్ క్రమ్మెల్ - అందరూ అక్కడి పిల్లలే. 1824లో ఫ్రెంచి సేనాని లఫాయెత్ బడి చూడటానికి వస్తే స్వాగత ప్రసంగం చేసింది పదకొండేళ్ళ స్మిత్. అవకాశం దొరికితే ఏం జరుగుతుందో ఆ ఒక్క బడి చూపించింది.

కానీ బడి అయిపోయాక పిల్లవాడు చేరింది కమ్మరి కొలిమిలో. పాస్టర్ పీటర్ విలియమ్స్ దగ్గర లాటిన్, గ్రీకు నేర్చుకుంటూనే కొలిమి పని చేశాడు. ఒక చేత్తో తిత్తి ఊదుతూ ఇంకో చేత్తో లాటిన్ వ్యాకరణం పట్టుకునేవాడని గార్నెట్ తర్వాతి రోజుల్లో గుర్తుచేసుకున్నాడు. పనీ చదువూ వేరువేరు మనుషులవి అని చెప్పే మన సమాజంలో ఈ బొమ్మని గుర్తుపెట్టుకోవాలి.

వైద్యం చదవాలని స్మిత్ న్యూయార్క్‌లోని కొలంబియా కాలేజీకీ, అదే రాష్ట్రంలోని జెనీవా మెడికల్ కాలేజీకీ దరఖాస్తు పెట్టాడు. నల్లవాడనే కారణంతో రెండూ చేర్చుకోలేదు. లాటిన్ రాదనీ కాదు, మార్కులు లేవనీ కాదు. ఈ కొలంబియాకే 1913లో బరోడా సంస్థానం ఉపకారవేతనంతో అంబేద్కర్ వెళ్ళాడు. ఎనభై ఏళ్ళ ముందు సొంత ఊరి నల్ల కుర్రాణ్ణి గుమ్మంలోకి రానివ్వని చదువుల ఇల్లే, తర్వాత మన దేశపు అంటరాని కులం విద్యార్థికి చోటిచ్చింది. ఆ గుమ్మం తనంతట తాను తెరుచుకోలేదు. స్మిత్ లాంటివాళ్ళు, వాళ్ళ వెనకున్న జనం తట్టీ తట్టీ తెరిపించారు.

గ్లాస్గో: పరాయి దేశంలో విద్యార్థి

1832లో స్మిత్ ఓడెక్కి లివర్‌పూల్‌లో దిగి, స్కాట్లండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేరాడు. ప్రయాణానికీ చదువుకీ డబ్బు తన జనం నుంచీ, బానిసత్వ వ్యతిరేకుల నుంచీ వచ్చింది. ఈ సంగతి మా వాదనకి ముఖ్యమైంది. వైద్యం చదవాలనే పట్టుదల ఒక్క మనిషి గుండెలో పుట్టిన కోరికగా మాత్రమే చూస్తే చరిత్ర అర్థం కాదు. నల్లవాళ్ళ చర్చి, నల్లవాళ్ళ బడి, కొలిమి, చందాలు - ఇవన్నీ కలిసి ఆ కోరికని తయారుచేశాయి. మన దగ్గరా అంతే. వాడలో మొదటి డిగ్రీ తెచ్చుకున్న పిల్ల వెనక అమ్మ పుస్తె తాకట్టు వుంటుంది, హాస్టల్ అన్నం వుంటుంది, పోరాడి తెచ్చుకున్న జీవో వుంటుంది.

గ్లాస్గోలో స్మిత్ 1835లో బి.ఏ., 1836లో ఎం.ఏ., 1837లో ఎం.డి. పూర్తిచేశాడు. వైద్యంలో విశ్వవిద్యాలయ డిగ్రీ పొందిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ ఆయనే. చదువుకుంటూనే గ్లాస్గో ఎమాన్సిపేషన్ సొసైటీలో పనిచేశాడు. ఆ తర్వాత పారిస్ ఆస్పత్రుల్లో కొన్నాళ్ళు అనుభవం గడించాడు.

ఇక్కడ ఒక వైరుధ్యం వుంది. గ్లాస్గో ఊరు పొగాకు, చక్కెర, పత్తి వ్యాపారంతో బలిసిన ఊరు. ఆ మూడూ బానిసల చెమటే. విశ్వవిద్యాలయానికి అందిన విరాళాల్లోనూ ఆ సొమ్ము వుంది. దీని మీద విశ్వవిద్యాలయమే పరిశోధన చేయించి 2018లో నివేదిక ప్రకటించింది. తనకి చేరిన లాభం నేటి విలువలో 1 కోటి 67 లక్షల పౌండ్ల నుంచి 19 కోట్ల 80 లక్షల పౌండ్ల దాకా వుండొచ్చని లెక్క చెప్పింది. 2019లో వెస్టిండీస్ విశ్వవిద్యాలయంతో 2 కోట్ల పౌండ్ల ఒప్పందం చేసుకుంది. కాబట్టి స్మిత్ అక్కడ చదువుకోవటాన్ని బ్రిటన్ ఔదార్యంగా చెప్పుకోవటానికి లేదు. తన జాతి జనం మోసిన రాళ్ళతో కట్టిన ఇంట్లోకే ఆయన అడుగుపెట్టాడు.

గ్లాస్గోలో ఆయన చేసిన ఇంకో పని చాలాకాలం ఎవరి కంటా పడలేదు. సుఖవ్యాధులొచ్చిన పేద స్త్రీలకోసం అక్కడ లాక్ హాస్పిటల్ వుండేది. ఇదే పేరుతో తెల్లవాళ్ళు మన దేశంలోనూ కంటోన్మెంట్లలో ఆస్పత్రులు నడిపారు. గ్లాస్గో ఆస్పత్రిలో ఒక పెద్ద డాక్టరు గనేరియాకి సిల్వర్ నైట్రేట్ అనే మంటపుట్టించే మందుని ఆ స్త్రీల మీద ప్రయోగించి చూస్తున్నాడు. అక్కడ శిక్షణలో వున్న స్మిత్ దాన్ని తప్పుపట్టాడు. 1837లో ‘లండన్ మెడికల్ గెజిట్’లో ఆ వైద్యాన్ని విమర్శిస్తూ వ్యాసాలు రాశాడు. ఇరవైనాలుగేళ్ళ నల్ల విద్యార్థి, పరాయి దేశంలో, తనకి పాఠం చెప్పే స్థాయివాణ్ణి పత్రికలో నిలదియ్యటం చిన్న సంగతి కాదు. ఆ స్త్రీలు ఆయన జాతివాళ్ళు కారు, తెల్లవాళ్ళు. కానీ ఆస్పత్రి మంచం మీద అడిగే దిక్కులేని శరీరం ఎవరిదైనా ఒకటేనని ఆయనకి తెలుసు. బానిస తల్లికి పుట్టినవాడికి అది పుస్తకం చూసి తెలుసుకోవాల్సిన సంగతి కాదు.

మందుల షాపు, పిల్లల శరణాలయం

1837లో ఇంటికి బయల్దేరితే ఒక అమెరికన్ ఓడ కెప్టెన్ నల్లవాణ్ణి ఎక్కించుకోనన్నాడు. ఎం.డి. పట్టా చేతిలో వున్నా చర్మం రంగు ముందు అది చెల్లలేదు. మరో ఓడలో న్యూయార్క్ చేరాడు. నల్ల జనం సభ పెట్టి స్వాగతం చెప్పారు. వెస్ట్ బ్రాడ్‌వేలో ప్రాక్టీసూ మందుల షాపూ పెట్టాడు. అమెరికాలో నల్లవాళ్ళు నడిపిన మొదటి మందుల షాపు ఇదే అంటారు. నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ వైద్యం చేశాడు. ఆ షాపు జనం కూడి మాట్లాడుకునే చోటు కూడా అయింది. అదే ఏడాది, పుర్రె ఆకారాన్ని బట్టి తెలివితేటలు చెప్పొచ్చనే ఫ్రెనాలజీ బూటకమని బహిరంగ ఉపన్యాసమిచ్చాడు. నల్లవాళ్ళ బుర్ర చిన్నదని రుజువు చెయ్యటానికి ఆ రోజుల్లో ఎక్కువగా వాడింది ఆ ‘శాస్త్రాన్నే’.

1836లో కొందరు క్వేకర్ మహిళలు న్యూయార్క్‌లో నల్ల అనాథ పిల్లలకోసం శరణాలయం పెట్టారు. అక్కడ పిల్లలు చచ్చిపోతుంటే, అప్పటి తెల్ల డాక్టరు తన నివేదికలో నల్లజాతి ఒంటి తత్వమే దానికి కారణమన్నట్టు రాశాడు. 1839లో స్మిత్ ‘కలర్డ్ అమెరికన్’ పత్రికలో దాన్ని ఖండించాడు. చావుకి కారణం జాతిలో వెతకొద్దు, పిల్లలు బతికిన పరిస్థితుల్లో వెతకమన్నది ఆయన పట్టు. తర్వాత ఆ శరణాలయానికి ఆయన్నే డాక్టరుగా పెట్టుకున్నారు. 1840ల నడుమ నుంచి దాదాపు ఇరవై ఏళ్ళు ఆ పిల్లల జ్వరాలు, తట్టు, క్షయ చూసింది ఆయనే. తన సొంత బిడ్డల్ని చాలామందిని చిన్నప్పుడే పోగొట్టుకున్న తండ్రి ఆయన.

దయగల మహిళలు కట్టించిన ఇల్లది. వాళ్ళ దయని మేం కాదనటం లేదు. కానీ ఆ దయ వున్నచోటే ‘వాళ్ళ ఒంటి తత్వమే అంత’ అన్న మాట కూడా నిలవగలిగింది. ఆ మాటని ఎదుర్కోవటానికి ఆ జనంలోంచి వచ్చి, ఆ శాస్త్రం చదువుకున్న మనిషి కావాల్సి వచ్చింది. సేవకీ ఈ పనికీ మధ్య వున్న తేడా ఇక్కడ బయటపడుతుంది.

అబద్ధపు లెక్కలు

1840 అమెరికా జనాభా లెక్కల్లో మొట్టమొదటిసారి పిచ్చివాళ్ళ సంఖ్య రాశారు. బానిసత్వం వున్న రాష్ట్రాల్లో నల్లవాళ్ళలో 1,558 మందికి ఒకరు మతిలేనివాళ్ళని, బానిసత్వం లేని రాష్ట్రాల్లో సుమారు 162 మందికి ఒకరని తేలింది. ఉత్తరాన చివర వున్న మెయిన్ రాష్ట్రంలోనైతే 14 మందికి ఒకరట! దక్షిణాది దొరలకి ఇంతకంటే ఏం కావాలి? స్వేచ్ఛ ఇస్తే నల్లవాడికి పిచ్చెక్కుతుంది, బానిసగా వుంటేనే క్షేమం అని ఊరేగారు. 1844లో విదేశాంగ మంత్రి జాన్ కాల్హౌన్ బ్రిటన్ రాయబారికి రాసిన అధికారిక లేఖలోనే ఈ అంకెలు ఎత్తి చూపించాడు.

స్మిత్ ఆ లెక్కల్ని ఊరూరా విప్పి చూశాడు. కొన్ని ఊళ్ళలో నల్లవాళ్ళ సంఖ్య సున్నా, కానీ నల్ల పిచ్చివాళ్ళ సంఖ్య సున్నా కాదు. మనుషులే లేనిచోట పిచ్చివాళ్ళెక్కణ్ణించి వచ్చారు? మసాచుసెట్స్ డాక్టర్ ఎడ్వర్డ్ జార్విస్ కూడా ఇదే తవ్వాడు. వూస్టర్ పిచ్చాసుపత్రిలో వున్న 133 మంది తెల్ల రోగుల్ని నల్లవాళ్ళ గడిలో వేసినట్టు బయటపడింది. 1844లో స్మిత్ ‘న్యూయార్క్ ట్రిబ్యూన్’కి ఉత్తరాలు రాశాడు. న్యూయార్క్ నల్ల పౌరుల తరఫున సెనేట్‌కి అర్జీ పంపాడు. 1846లో వాతావరణానికీ ఆయుర్దాయానికీ వున్న సంబంధం మీద ఒక దీర్ఘ వ్యాసం ప్రకటించాడు. ప్రభుత్వం మాత్రం లెక్కలు సవరించలేదు. తప్పని తెలిశాక కూడా ఆ అంకెలు చాలాకాలం చెలామణీ అయ్యాయి.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, స్మిత్ దగ్గర నాడి చూసే చెయ్యీ, లెక్క చూసే కన్నూ రెండూ వున్నాయి. ఒక్కో రోగికి మందిచ్చి పంపితే ఆ రోగి కోలుకోవచ్చు. కానీ జాతి మొత్తానికి ‘పిచ్చి’ అని ముద్ర వేసిన కాగితాన్ని ఏ మందూ నయం చెయ్యలేదు. దాన్ని ఇంకో కాగితంతోనే కొట్టాలి. గ్లాస్గోలో నేర్చిన గణాంకాలు ఆయన చేతిలో అలా ఆయుధమయ్యాయి. 1850లో పారిపోయిన బానిసల్ని పట్టిచ్చే చట్టం వచ్చినప్పుడు దాన్ని ఎదిరించిన న్యూయార్క్ పదమూడుమంది కమిటీలో ఆయనున్నాడు. 1855లో ఫ్రెడరిక్ డగ్లస్ రెండో ఆత్మకథకి ముందుమాట రాసిందీ ఆయనే.

తలుపులు మూసినవాళ్ళు

ఇంత పనిచేసినా వృత్తి సంఘాలు ఆయన్ని కలుపుకోలేదు. 1847లో న్యూయార్క్ అకాడమీ ఆఫ్ మెడిసిన్‌కి ఆయన పేరు ప్రతిపాదిస్తే సభ్యత్వమివ్వలేదు. 2018లో, ఆయన పోయిన 153 ఏళ్ళకి ఇచ్చారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నల్ల డాక్టర్ల పట్ల చూపిన వివక్షకి 2008లో క్షమాపణ చెప్పింది.

1850లో హార్వర్డ్ మెడికల్ కాలేజీ మార్టిన్ డెలానీతో సహా ముగ్గురు నల్ల విద్యార్థుల్ని చేర్చుకుంది. తెల్ల విద్యార్థుల్లో ఒక వర్గం, వీళ్ళతో కూర్చుంటే కాలేజీ ప్రతిష్ఠ పోతుందని తీర్మానం చేసింది. ఆ తీర్మానాన్ని కాదన్న తెల్ల విద్యార్థులూ వున్నారు. అయినా ఆ టర్మ్ అయిపోగానే ముగ్గుర్నీ పంపించేశారు. 2006లో రిజర్వేషన్లకి వ్యతిరేకంగా ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది గుర్తున్నవాళ్ళకి ఇది కొత్తగా వుండదు. ఆ సంస్థలో దళిత, ఆదివాసీ విద్యార్థుల మీద సాగుతున్న వివక్షని 2007లో తోరట్ కమిటీ నివేదిక రికార్డు చేసింది. మెరిట్ అనే మాట దేశం మారినా యుగం మారినా చేసే పని ఒకటే. లోపలున్నవాళ్ళకి అది గొళ్ళెం.

1863 జూలై 13న న్యూయార్క్‌లో అల్లర్లు రేగాయి. అంతర్యుద్ధంలోకి బలవంతంగా సైనికుల్ని తీసుకునే చట్టం వచ్చింది. 300 డాలర్లు కట్టగలిగిన ధనికుడు తప్పించుకోవచ్చు, పేదవాడు పోవాల్సిందే. ఆ కోపంతో వీధుల్లోకొచ్చిన పేద జనంలో ఐర్లండ్ నుంచి వలసొచ్చిన కూలీలే ఎక్కువ. ఆ కోపం మిరాస్దార్ల మీదికి పోవాల్సింది, నల్లవాళ్ళ మీదికి తిరిగింది. ఫిఫ్త్ అవెన్యూలోని అనాథ శరణాలయాన్ని దోచుకుని తగలబెట్టారు. లోపలున్న 233 మంది పిల్లల్ని సిబ్బంది వెనక దారిన తప్పించారు. అణగారినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తగలబెట్టుకుంటే ఎవరి ఇల్లు భద్రంగా వుంటుందో మన పల్లెల్లోనూ చూస్తూనే వున్నాం.

ఆ తర్వాత స్మిత్ కుటుంబం బ్రూక్లిన్ వైపు తరలిపోయింది. గుండె జబ్బుతో 1865 నవంబరు 17న ఆయన చనిపోయాడు. బానిసత్వాన్ని దేశమంతటా రద్దుచేసిన 13వ రాజ్యాంగ సవరణ ఆ తర్వాత 19 రోజులకి, డిసెంబరు 6న ఆమోదం పొందింది. ఆయన సమాధి మీద 2010 దాకా రాయి కూడా లేదు. ఆయన సంతానం తెల్ల సమాజంలో కలిసిపోయింది. ముత్తాత నల్లవాడని తర్వాతి తరాలకి తెలియకుండాపోయింది. 2010లో వారసులే సంగతి తెలుసుకుని రాయి వేయించారు. గుర్తింపు దాచుకుంటేనే బతుకు సాగే సమాజంలో ఎంత పెద్ద చరిత్ర అయినా ఇలా మట్టిలో కలుస్తుంది. కులం దాచుకుని అద్దె ఇంట్లో చేరాల్సి వచ్చే మనోళ్ళకి ఇది వివరించి చెప్పక్కర్లేదు.

మనం తీసుకోవాల్సింది

స్మిత్ తర్వాత దారి కాస్త వెడల్పయింది. 1864లో రెబెకా లీ క్రంప్లర్ అమెరికాలో వైద్య పట్టా పొందిన మొదటి నల్లజాతి స్త్రీ అయింది. యుద్ధం ముగిశాక వర్జీనియా వెళ్ళి, బానిసత్వం నుంచి బయటపడిన జనానికి వైద్యం చేసింది. 1868లో హోవర్డ్, 1876లో మెహారీ వైద్య కళాశాలలు నల్లవాళ్ళకోసం మొదలయ్యాయి. 1910లో ఫ్లెక్స్‌నర్ నివేదిక ‘ప్రమాణాల’ పేరుతో వచ్చేసరికి వున్న ఏడు నల్ల వైద్య కళాశాలల్లో చివరికి ఈ రెండే మిగిలాయి. గెలుచుకున్నదాన్ని ప్రమాణాల పేరుతో వెనక్కి లాక్కోవటం కూడా ఈ చరిత్రలో భాగమే.

మన దగ్గర ఈ చరిత్ర ఎక్కడుంది? పురుడంటే మైలని పెద్దకులాలవాళ్ళు దూరం జరిగితే, బొడ్డు కోసి బిడ్డని చేతిలోకి తీసుకున్న మంత్రసానుల్లో మాల మాదిగ ఆడవాళ్ళెందరో వున్నారు. వాళ్ళది వైద్యమని ఎవరూ రాయలేదు, అది వాళ్ళ కులప్పనిగానే లెక్కకొచ్చింది. 1883లో అన్నా కూగ్లర్ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన వైద్యంలోనూ, ఇతర మిషన్ ఆస్పత్రుల్లోనూ పేరు లేని ఆయాలు, కాంపౌండర్లు, నర్సులయిన మన ఆడపిల్లలున్నారు. దొరసానుల జీవిత చరిత్రలు వచ్చాయి. వీళ్ళవి రాలేదు. ఇంట్లో ముసలమ్మలు బతికుండగానే ఈ పని మొదలుపెట్టాలని విద్యార్థులకి, టీచర్లకి మా విన్నపం.

ఇంతకంటే అత్యవసరమైంది ఇంకోటుంది. వాడలో విరేచనాలు వస్తే ‘వాళ్ళ అలవాట్లే అంత’ అంటారు. నీళ్ళ పైపు వాడ దాకా ఎందుకు రాలేదని అడగరు. మ్యాన్‌హోల్‌లో దిగి కార్మికుడు ఊపిరాడక చనిపోతే ‘తాగి దిగాడు’ అంటారు. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. చావులు ఆగలేదు. ‘ఒంటి తత్వం’ అన్న ఆనాటి తెల్ల డాక్టరు మాటకీ ఈ మాటలకీ తేడా ఏముంది? ఇక్కడా ఎవరో ఒకరు చావుకి సరైన కారణం రాయాలి. పోస్టుమార్టం కాగితం మీద, కమిటీ నివేదికలో, జిల్లా లెక్కల్లో రాయాలి.

మెడికల్ కాలేజీల్లో చదువుతున్న మన పిల్లలు పల్లెకొచ్చి ఉచిత క్యాంపు పెడితే సంతోషమే. కానీ వాళ్ళ నుంచి మనం ఆశించేది అంతకంటే పెద్దది. తన జనం ఎందుకు ముందుగా చచ్చిపోతున్నారో రుజువులతో చెప్పగలిగిన డాక్టరు మనకి కావాలి. అట్లాంటివాళ్ళని తయారుచెయ్యటానికి స్మిత్ వెనక చందాలేసుకుని నిలబడ్డ న్యూయార్క్ నల్ల జనం లాగా, మనం కూడా వాళ్ళ వెనక నిలబడాల్సి వుంది.